కార్డులో చివరి గడి

"అమ్మగారూ, దగ్గు పూర్తిగా తగ్గిపోయిందండి. ఇంకా ఆ బిళ్ళలు ఎందుకండీ? చూస్తేనే కడుపులో తిప్పుతోంది" అంది మా ఇంట్లో పనిచేసే అమ్మాయి, గిన్నెలు తోముతూ.

అప్పటికి ఆమె టి.బి. మందులు మొదలుపెట్టి రెండున్నర నెలలైంది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. ముఖంలో కళ వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. నిజం చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం 'పోనీలే, తగ్గింది కదా' అనిపించింది. జ్వరానికి మూడు రోజుల మందు రాస్తే రెండో రోజుకే మానేసే అలవాటు మనందరిదీ కదా!

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. జబ్బు సంగతి ఆమె మొదటిసారి చెప్పినప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన ఆమె గురించి కాదు. నా పిల్లల గురించి, ఆమె కాఫీ తాగే గ్లాసు గురించి. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, పనిమనుషుల కష్టాల మీద కూడా రాశాను. అయినా ఆ గ్లాసును విడిగా గూట్లో పెట్టాను. గ్లాసుల వల్లా కంచాల వల్లా టి.బి. రాదనీ, ఊపిరితిత్తుల్లో జబ్బు ఉన్నవాళ్ళు దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుందనీ, సరైన మందులు రెండు వారాలు వాడేసరికి సాధారణంగా అంటించే గుణం బాగా తగ్గిపోతుందనీ ఆ తర్వాత తెలుసుకున్నాను. గ్లాసు మళ్ళీ అందరి గ్లాసుల్లో కలిసింది గానీ, ఆ నాలుగు రోజులూ ఆమె చూడలేదని మాత్రం అనుకోను.

"మానేస్తే ఏమవుతుందో తెలుసా?" అని అడిగాను. ఆమె చేతిలో గిన్నె ఆగింది.

"మా అమ్మ మానేసిందండి" అంది.

పదిహేనేళ్ళ కిందటి మాట. శ్రీకాకుళం జిల్లాలో వాళ్ళ పల్లె. తల్లికి దగ్గు. పట్నంలో ఓ ప్రైవేటు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. టి.బి. అన్నాడు, మందులు రాశాడు. మూడు నెలలు కొనుక్కుని వాడింది. దగ్గు తగ్గింది, చేతిలో డబ్బులూ అయిపోయాయి. మానేసింది. 'ఈ నెల మందులకు రాలేదేమమ్మా?' అని అడిగినవాళ్ళు లేరు. ఏడాది తిరిగేసరికి జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఆసుపత్రికి వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది.

"అప్పుడు కార్డూ గీర్డూ ఏం లేదండి. నాకైతే ఆ ఆశా అమ్మాయి వారం వారం వచ్చి ప్రాణం తీస్తోంది" అంది, విసుగూ నవ్వూ కలిసిన గొంతుతో.

ఆ కార్డు చూపించమన్నాను. కొంగున ముడేసుకున్న డబ్బులంత భద్రంగా దాచుకుంది, మర్నాడు తెచ్చింది. పేరు, వయసు, బరువు, తెమడ పరీక్షలో ఏం వచ్చింది, ఏ రోజు మందు వేసుకుంది, ఏ రోజు వేసుకోలేదు, అన్నిటికీ గడులున్నాయి. చిట్టచివర ఇంకో గడి: 'చికిత్స ఫలితం'. అది ఖాళీగా ఉంది.

ఈ వ్యాసం ఆ ఒక్క గడి గురించి.

ఆసుపత్రి మంచం నుంచి ఇంటి గూటికి

మన పెద్దవాళ్ళ కాలంలో క్షయ అంటే శానిటోరియం. మదనపల్లి దగ్గరి ఆరోగ్యవరం పేరు వినని తెలుగువాళ్ళు అప్పట్లో తక్కువ. నెలల తరబడి అక్కడే మంచం, మంచి గాలి, పాలూ గుడ్లూ, విశ్రాంతి. రోగి తిన్నదీ లేనిదీ, మందు వేసుకున్నదీ లేనిదీ నర్సు కళ్ళముందే జరిగేది.

1950ల్లో మంచి మందులొచ్చాయి. కానీ అంతమంది రోగులకు అన్ని మంచాలు ఎక్కడినుంచి తెస్తారు? అప్పుడు మద్రాసులో ఒక పరిశోధన జరిగింది. 1956లో మొదలైంది. పేద కుటుంబాల రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు శానిటోరియంలో, రెండో జట్టుకు వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి అవే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంత బాగానూ నయమైంది, ఇంట్లోవాళ్ళకు అదనంగా అంటుకున్నదీ లేదు. 1959లో వెలువడిన ఆ ఫలితాలు ప్రపంచమంతటా క్షయ వైద్యం తీరునే మార్చేశాయి.

మంచి మాటే. అయితే దాంతోపాటు ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. మందు డబ్బా ఆసుపత్రి నుంచి ఇంటి గూటికి చేరాక, రోజూ వేసుకుంటున్నదీ లేనిదీ చూసేదెవరు? ఆ లెక్క రాసేదెవరు?

1962లో మన దేశంలో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలైంది. ఒక జిల్లాను ప్రమాణంగా తీసుకుని క్షయ వైద్యం ఎలా నడపాలో బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థవాళ్ళు పరీక్షించి చూసింది మన అనంతపురం జిల్లాలోనే. కార్యక్రమం దేశమంతా పాకింది. ఎంతమందికి జబ్బు కనిపెట్టారో లెక్క వచ్చేది. ఎంతమందికి మందులు మొదలెట్టారో లెక్క వచ్చేది. కానీ మొదలెట్టినవాళ్ళు చివరికేమయ్యారు?

1992లో ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు కలిసి ఈ కార్యక్రమాన్ని సమీక్షించారు. మందులు మొదలెట్టినవాళ్ళలో సగంమంది కూడా పూర్తి చేయడంలేదని తేలింది. మూడు దశాబ్దాల పనికి అది చేదు లెక్క. ఆ చేదు నుంచే సవరించిన కార్యక్రమం పుట్టింది. 1993లో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై, 1997 నుంచి విస్తరించి, 2006కి దేశమంతా చేరింది. 2020లో దాని పేరు 'జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం' అయింది.

రానివాళ్ళనీ లెక్కపెట్టాలి

ఈ కొత్త లెక్కకు మూలం టాంజానియాలో ఉంది. కారెల్ స్టిబ్లో అనే డాక్టరు 1970ల చివర్లో ఆ దేశ ప్రభుత్వంతో కలిసి క్షయ కార్యక్రమం నడిపారు. ఆయన పెట్టిన పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మూడు నెలల్లో పేరు నమోదైన రోగులందర్నీ ఒక జట్టుగా రాసుకోవాలి. మందుల గడువు ముగిసిపోయాక ఆ జట్టులో ఒక్కొక్కరి పేరు ఎదుట ఏదో ఒక ఫలితం రాసి తీరాలి. ఏ ఒక్క పేరునూ కొట్టేయడానికి వీల్లేదు.

ఈ పద్ధతే మన దేశానికీ వచ్చింది. ఒక్కొక్కరి ఎదుట రాసే ఫలితాలు స్థూలంగా ఇవీ: 'నయమైంది', అంటే మొదట తెమడలో క్రిములు కనిపించి, చివరి పరీక్షలో లేవని తేలినవాళ్ళు. 'చికిత్స పూర్తయింది', అంటే మందులన్నీ వాడారు గానీ చివరి పరీక్ష రుజువు లేనివాళ్ళు. మందులు వాడినా క్రిములు పోనివాళ్ళు. మందులకు లొంగని రకం జబ్బని తేలి వేరే మందులకు మారినవాళ్ళు. మధ్యలో చనిపోయినవాళ్ళు. నెల రోజులు లేదా అంతకు మించి మందులు ఆపి జాడ తప్పినవాళ్ళు. వేరే ఊరు వెళ్ళిపోయి, ఏమయ్యారో తెలియనివాళ్ళు.

దీని ఉపయోగం మన ఆడవాళ్ళకు చీటీల భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఇరవైమందితో చీటీ మొదలెట్టాం. ఇద్దరు మధ్యలో కట్టడం మానేశారు. చీటీ నడిపే ఆవిడ 'మా చీటీలో ఉన్న పద్ధెనిమిది మందీ నెలనెలా కడుతున్నారు, ఏ లోటూ లేదు' అంటే ఒప్పుకుంటామా? ఆ ఇద్దరి మాటేమిటని నిలదీయమూ?

రోగుల లెక్కా అంతే. ఉదాహరణకు ఒక ఆరోగ్య కేంద్రంలో 50 మంది పేర్లు నమోదయ్యాయనుకోండి. 38 మందికి నయమైంది. నలుగురు మందులు పూర్తి చేశారు. ఇద్దరు చనిపోయారు. ఒకరికి మందులు పనిచేయలేదు. నలుగురు మధ్యలో మానేశారు. ఒకరు ఏ ఊరు వెళ్ళారో తెలియదు. 50 మందిలో 42 మందికి మేలు జరిగింది, అంటే నూటికి 84. అలా కాకుండా కనబడకుండా పోయిన ఆ అయిదుగుర్నీ పక్కనపెట్టి 45 మందికే లెక్క కడితే? నూటికి 93! మందులు అవే, మనుషులూ వాళ్ళే. కాగితం మీద మాత్రం కేంద్రం బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు లెక్క. నూటికి కనీసం 85 మందికి నయం కావాలని ప్రపంచ దేశాలు 1991లో లక్ష్యం పెట్టుకున్నాయి. మొదటి లెక్కలో ఈ కేంద్రం ఆ గీత దాటలేదు. రెండో లెక్కలో దర్జాగా దాటేసింది.

పక్కనపెట్టిన ఆ అయిదుగురే అసలు కావలసినవాళ్ళు. సగంలో మందు ఆపిన ఒంట్లో క్రిములు మిగిలిపోతాయి. మొదటి వారాల్లో చచ్చేవి చురుగ్గా పెరిగే క్రిములు. అందుకే దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది. మందకొడిగా దాక్కున్నవి మిగిలే ఉంటాయి. వాటికోసమే ఆరు నెలల మందు. వేసుకుని ఆపి, మళ్ళీ వేసుకుని ఆపి చేస్తే ఆ క్రిములు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. అప్పుడు వైద్యం మరింత బరువైనది, ఒంటికి మరింత కష్టమైనది. ఆ లొంగని క్రిమే ఇంట్లో పిల్లలకు అంటితే వాళ్ళకూ అదే గతి.

ఎగవేత కాదు, జాడ తప్పడం

ఒకప్పుడు మధ్యలో మందులు మానేసినవాళ్ళను 'డిఫాల్టర్' అని రాసేవారు. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాళ్ళకు వాడే మాటే! 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట తీసేసి, అందుబాటులో లేకుండా పోయినవారు అనే అర్థం వచ్చే మాట పెట్టింది. చిన్న మార్పే అనిపిస్తుంది గానీ, చిన్నది కాదు. మొదటి మాటలో తప్పంతా రోగిది. రెండో మాటలో, చేయి వదిలేసినవాళ్ళ బాధ్యత కూడా ఉంది.

ఆడవాళ్ళు ఎందుకు జాడ తప్పుతారో మనకు ఒకరు చెప్పాలా? పెళ్ళి కుదిరిన పిల్లకు జబ్బని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లే డబ్బా దాచేస్తుంది. కొత్త కోడలు అత్తగారి ఎదుట మాత్ర వేసుకోలేక మానేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు బిడ్డకేమవుతుందో అని భయపడి, డాక్టర్ని అడగకుండానే ఆపేస్తారు. కొందరికి కడుపులో తిప్పుతుంది. కొందరు మూత్రం ఎర్రగా రావడం చూసి హడలిపోతారు. రిఫాంపిసిన్ అనే మందు వల్ల అలా రావడం మామూలేనని ముందుగా ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆ మందు వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. ఆ సంగతి కూడా డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి. ఇక అన్నిటికంటే పెద్ద కారణం మందులకోసం పని పోగొట్టుకోవలసి రావడం. ఆసుపత్రికి వెళ్ళిన పూట కూలి పోతుంది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకైతే ఆ ఇల్లే పోతుంది.

వీటిలో ఏ ఒక్కటీ కార్డులో ఉండదు. 'మందు వేసుకోలేదు' అని ఒక గుర్తు మాత్రం ఉంటుంది. ఆ గుర్తు చూసి ఎవరైనా ఇంటికొచ్చి 'ఏమైందమ్మా?' అని అడిగితేనే కారణం బయటికొస్తుంది. రాయడం ఎందుకంటే, అడగడానికి. అడగనప్పుడు ఎంత అందంగా రాసినా దండగే.

కొంగులోంచి కంప్యూటరులోకి

2012లో ప్రభుత్వం రెండు పనులు చేసింది. ప్రైవేటు డాక్టర్లు కూడా తాము కనిపెట్టిన ప్రతి టి.బి. రోగి వివరాలనూ ప్రభుత్వానికి తెలియజేయాలని ఆదేశించింది. రోగుల వివరాలు నమోదు చేయడానికి 'ని-క్షయ్' అనే కంప్యూటరు వ్యవస్థ పెట్టింది. ఇప్పుడు ప్రతి రోగికీ ఒక నంబరు ఉంటుంది. ఊరు మారినా ఆ నంబరుతోపాటు వివరాలూ మారతాయి. 2023లో దేశం మొత్తం మీద 25 లక్షల మందికి పైగా ఇలా నమోదయ్యారు. ప్రపంచంలోని టి.బి. రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు మరి!

వైద్యం సాగుతున్నంతకాలం తిండికని 2018 నుంచి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేసే పథకం వచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బు రావాలన్నా పేరు ఈ లెక్కలోకి ఎక్కి ఉండాలి. మా అమ్మాయి తల్లి కాలానికి ఇవేవీ లేవు. ఆమె ఏ రిజిస్టరులోనూ లేదు. కనుక ఎవరి లెక్కలోనూ తగ్గలేదు, ఎవరి లెక్కలోనూ చనిపోలేదు.

నాలుగో నెలలో మాకు పరీక్ష ఎదురైంది. చెల్లెలి పురుడని మా అమ్మాయి పుట్టింటికి బయల్దేరింది. "మూడు వారాలేనండి, వచ్చాక వేసుకుంటాలెండి" అంది. నేను ఆశా అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె పరుగున వచ్చి, "అక్కా, వెళ్ళు, వద్దనను. కానీ డబ్బాతో వెళ్ళు. మీ ఊళ్ళో ఆశాకి నీ నంబరు చెబుతాను. అక్కడ ఆమె వచ్చి చూస్తుంది" అని కార్డు చూసుకుని అన్ని రోజులకూ సరిపడా మందులు ఇప్పించింది. పల్లెలో ఆ రెండో ఆశా నిజంగానే గుమ్మంలోకొచ్చి అడిగిందట. "ఊళ్ళో నాకింత మర్యాద ఎప్పుడూ లేదండి" అని తిరిగొచ్చాక నవ్వింది.

అన్నిచోట్లా ఇలాగే జరుగుతోందని అనను. పేపరు కార్డులోదీ కంప్యూటరులోదీ చూసుకోవడం, ఇల్లిల్లూ తిరగడం, దానికితోడు ఇంకా పది సర్వేలు. చేసేవాళ్ళు తక్కువ, పని ఎక్కువ. లెక్క బాగుండాలని పైనుంచి ఒత్తిడి పెరిగితే, చివరి పరీక్ష చేయించకుండానే 'పూర్తయింది' అని రాసేయాలనిపించవచ్చు. జాడ తెలియని మనిషి ఎదుట ఏదో ఒకటి నింపేయాలనీ అనిపించవచ్చు. అలా నింపిన గడి ఖాళీ గడికన్నా ప్రమాదం. ఖాళీ గడిని చూసి ఎవరైనా వెతుక్కుంటూ వెళ్తారు. నింపిన గడి కోసం ఎవరూ వెళ్ళరు. అందుకే 'మీ దగ్గర ఎంతమంది మానేశారు?' అని అడిగే అధికారి, నిజం చెప్పిన ఉద్యోగిని తిట్టకూడదు. తిడితే మరుసటిసారి నిజం రాదు.

మనవంతుగా

ఇదంతా ప్రభుత్వం పని, మనకెందుకు అనుకోకండి. మన వంటింట్లో పనిచేసేవాళ్ళు, మన వీధిలో కూరలమ్మేవాళ్ళు, మన బంధువులు, ఒక్కోసారి మనమే ఆ లెక్కలో ఉంటాం.

రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. ప్రైవేటులో చూపించుకుంటే 'నా పేరు నమోదు చేశారా?' అని డాక్టర్ని తప్పక అడగాలి. ఇంట్లో ఒకరికి ఉంటే మిగిలినవాళ్ళనూ, ముఖ్యంగా పసిపిల్లల్ని పరీక్ష చేయించాలి.

పనిమనిషికి జబ్బని తెలిస్తే పని మాన్పించకండి. మొదట్లో విశ్రాంతి కావాలంటే జీతం కోయకుండా సెలవివ్వండి. మందులకు వెళ్ళే పూట ఆలస్యమైతే సణగకండి. పాలలెక్క కేలండరులో రాస్తామే, దాని పక్కనే 'మాత్ర వేసుకుందా?' అని ఓ గుర్తు పెట్టుకోండి. మాత్ర పడక ఇబ్బంది అయితే ఆపేయమని మాత్రం సలహా ఇవ్వకండి, డాక్టరు దగ్గరకు పంపండి. ఊరెళ్తున్నారంటే మందులు సర్దుకున్నారో లేదో అడగండి.

గడువు అయిపోయాక కూడా ఒక పని మిగులుతుంది. చివరి తెమడ పరీక్ష. దగ్గు లేనప్పుడు తెమడ ఎక్కడినుంచి వస్తుందని చాలామంది వెళ్ళరు. ఆ పరీక్ష లేకపోతే 'నయమైంది' అని రాయలేరు. ఆ తర్వాత కూడా రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. జబ్బు తిరగబెడితే తొందరగా పట్టుకోవడానికది.

మా అమ్మాయి చివరి పరీక్షకు నేనే తోడు వెళ్ళాను. రెండు రోజుల తర్వాత ఆశా అమ్మాయి కార్డు తెచ్చి ఇచ్చింది. చివరి గడిలో 'నయమైంది' అని ఉంది. చదువు రాని ఆమె, "ఏం రాశారండీ?" అని నా చేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

"మా అమ్మకి కూడా ఇలాంటి కాయితం ఒకటి ఉండుంటే బాగుండేదండి" అంది చివరికి.

ఇంకా ఎన్ని కార్డుల్లో ఆ గడి ఖాళీగా ఉందో! మన వీధిలో ఒక్కటైనా అలాంటిది ఉందేమో, ఈ వారమే ఒకసారి అడిగి చూడండి.